నాన్న చేసిన పనస గిటారు

మా అంబాజీపేట చుట్టుపక్కల ఏ వస్తువు ధర విన్నా మనసులోనే కొబ్బరికాయల్లోకి మార్చేసుకోవడం అలవాటు. ‘ఫ్రిజ్జా? రెండువేల కాయలు’ అంటారు. ‘పిల్లాడి ఫీజా? మూడు దింపులు’ అంటారు. కాయ ధర బాగున్నప్పుడు లోకంలో అన్నీ చవగ్గానే కనిపిస్తాయి. పడిపోయిందా, అగ్గిపెట్టె కూడా ఖరీదే.

2023 వేసవిలో హైదరాబాద్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కుంటానంది. కాలేజీలో నలుగురు పిల్లలు కలిసి బ్యాండు పెట్టుకున్నార్ట. ధర లక్షా పదివేలు. నేనూ అలవాటు ప్రకారం లెక్కేశాను. ఆ వారం బజారు ధరలో పన్నెండు వేల కాయలు. అంటే మాకున్న రెండెకరాల తోట ఏడాది పొడుగునా దింపితే ఒక గిటారు.

‘‘అంత ధర పెట్టడానికి అందులో ఏముందమ్మా?’’ అన్నాను.

‘‘మహాగనీ బాడీ నాన్నా’’ అంది. ఆ మాట అనడంలో మా ఆవిడ కంచిపట్టు అన్నప్పుడుండే భక్తి వినిపించింది.

‘‘ఇంట్లో గిటారు ఉంది కదా?’’

ఫోన్లో కాసేపు మాట లేదు. ‘‘ఉంది... కానీ అది పనస కదా నాన్నా’’ అంది మెల్లిగా, ఎవరూ నొచ్చుకోకూడదన్నట్టు.

ఆ పనస గిటారు చేసింది మా నాన్న. ఆయన కొత్తపేట దగ్గర వడ్రంగి. టేకు ద్వారబంధాలు, మామిడి బల్లలు, తాటి దూలాలు, గోదావరి కాలవల్లో తిరిగే పడవలకు అతుకులు... ఏ పనైనా చేసేవాడు. చెక్కను ముందు చూసేవాడు కాదు, వేలి కణుపుతో కొట్టి వినేవాడు. తర్వాత వాసన చూసేవాడు. ఆఖరికి కళ్లజోడు పెట్టుకునేవాడు. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు చెక్క మీద ధర పెరిగిందంటే ఆశ్చర్యం లేదు. కానీ నా చేతిలో జరిగిన ఓ ముచ్చట వల్ల ఎలక్ట్రిక్ గిటారు విషయంలో మాత్రం చెక్క మాట ఎత్తితే నేను వెంటనే తలూపలేను. అది చెప్పాలంటే పాతికేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

1995లో మా ఊరి కుర్రాళ్లం ఆరుగురం ఆర్కెస్ట్రా పెట్టాం. అప్పట్లో కోనసీమలో మాకు ఎలక్ట్రిక్ గిటారు కనిపించే చోట్లు మూడే. తీర్థాల్లో స్టేజీ మీద, పెళ్లిళ్లలో షామియానా కింద, క్రిస్మస్‌కి చర్చిలో. గిటారు పట్టుకున్నవాడికి పాడేవాడి కంటే ఎక్కువ గౌరవం. ఎందుకంటే వాడు ఏం వాయిస్తున్నాడో ఎవరికీ తెలియదు! మాకు ధైర్యం మాత్రం దగ్గర్లోనే ఉండేది. రాజోలు నుంచి వశిష్ఠ దాటితే పాలకొల్లు. అక్కడ 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద త్యాగరాజ కీర్తనలు వాయించి అప్పటికే దేశాలు తిరుగుతున్నాడు. నాలుగు జతల తీగలుండే మాండొలిన్‌ని ఆయన ఐదు ఒంటి తీగల వాయిద్యంగా మార్చుకున్నాడు. దాని పొట్ట కూడా బోలుగా ఉండదు, గట్టి చెక్కే. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఆర్కెస్ట్రాలో మాకే వచ్చినంత సంబరపడ్డాం. 2014లో నలభై అయిదేళ్లకే పోయారాయన. ఆ వార్త తెలిసిన రోజు నాకింకా గుర్తుంది.

సరే, నా గిటారు సంగతి. రాజమండ్రిలో సెకండ్ హ్యాండ్‌లో 2,200 రూపాయలకు కొన్నాను. కంపెనీ పేరు ఎందుకులెండి. నిగనిగలాడే టమాటా రంగు. ఇంటికి తెచ్చి చూపిస్తే నాన్న కణుపుతో రెండుసార్లు కొట్టి, ‘‘ఏరా, ఇది చెక్క కాదు, రేకులు అంటించి రంగేశారు’’ అన్నాడు. ప్లైవుడ్ అన్నమాట. ఆయన అన్నట్టే అయింది. మా గాలిలో ఉప్పుంటుంది, తేమ ఉంటుంది, నాలుగు పక్కలా నీళ్లే. రెండో వానాకాలానికి గిటారు మెడ బిగించిన నాలుగు స్క్రూల దగ్గర పొరలు విచ్చుకున్నాయి. స్క్రూ తిప్పుతుంటే తిరుగుతూనే ఉంటుంది కానీ పట్టదు. మెడ మాత్రం గట్టి చెక్కే, బాగానే ఉంది.

ఇంతలో 1996 నవంబరు 6 రాత్రి వచ్చింది. ఆ రాత్రి గురించి కోనసీమ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు ఎంత చెప్పినా తక్కువే. వెయ్యిమందికి పైగా పోయారు. తెల్లారి చూస్తే తోటలు దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపు పడున్నాయి. మా పెరట్లో నానమ్మ నాటిన పనసచెట్టు వేళ్లతో సహా పైకి లేచి పశువులపాక మీద పడింది. ఊళ్లో పడిన చెట్లన్నీ కట్టెలకింద పోతున్నాయి. నాన్న ఆ పనసను మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అప్పుడు వడ్రంగులకు రాత్రీ పగలూ పనే. ముందు జనం తలమీదకు కప్పులు కావాలి కదా. నాలుగు నెలల తర్వాత దాన్ని కోత మిల్లుకు పంపి పలకలు కోయించాడు. మధ్యలో పుల్లలు పెట్టి పలక మీద పలక పేర్చి నీడలో ఆరబెట్టాడు. రెండేళ్లకు పైనే. ‘‘పచ్చిచెక్కతో పని చేస్తే మనం పోయాక కూడా తిట్టుకుంటార్రా’’ అనేవాడు.

ఆ పనస మీద ఆయనకు ఎందుకంత మోజంటే, అమలాపురంలో ఓ సంగీతం పంతులమ్మగారి వీణ బాగుచేశాడు ఎప్పుడో. బొబ్బిలి వీణ అది, ఏకాండి. అంటే కుండా, దండీ అన్నీ ఒకే పనస దుంగలోంచి చెక్కినది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో తరతరాలుగా ఆ పని చేస్తున్నారు. మన నూజివీడులోనూ వీణలు చేస్తారు. మృదంగం కట్టెక్కూడా పనసే ప్రశస్తం. కోసినప్పుడు పసుపు ముద్దలా ఉండే పనస ఏళ్లు గడిచేకొద్దీ తేనె రంగులోకి, తర్వాత ముదురు గోధుమ రంగులోకి తిరుగుతుంది. చెద పట్టదు. నాన్న ఆ వీణ నెలరోజులు ఇంట్లో ఉంచుకుని రోజూ ఓ తీగ మీటి కుండ మీద చెయ్యి పెట్టి చూసుకునేవాడట. అమ్మ చెప్పేది.

1999లో, పనులు కాస్త తెరిపిన పడ్డాక, నా టమాటా గిటారు విప్పేశాడు. దాన్నే అచ్చుగా పెట్టి పనస పలక మీద పెన్సిల్‌తో గీశాడు. అంగుళం ముప్పావు మందం. వైర్లు పోయే కాలవలు ఉలితో తవ్వాడు. పాత మెడ, పాత తీగలు, పాత వైరింగు, అన్నీ తీసి కొత్త ఒంట్లో పెట్టాడు. రంగు వెయ్యనివ్వలేదు, ఉత్త పాలిష్. చూడ్డానికి ఎంత బాగుందంటే మా ఆర్కెస్ట్రా కీబోర్డు వాడు నోట మాట లేక, ‘‘ఆయ్!’’ అన్నాడు. కోనసీమలో అంతకుమించిన మెప్పు లేదు. ఒక్కటే బాధ, బరువు. నాలుగున్నర కేజీలు. రెండు గంటల కచేరీకి ఎడం భుజం ఎర్రబడేది.

సాయంత్రం బాక్సుకు తగిలించాం. నాన్న ఎదురుగా స్టూలేసుకుని కూర్చున్నాడు. మీటాను.

అదే గొంతు. టమాటా గిటారు గొంతే. సన్నగా, కాస్త ముక్కుతో మాట్లాడినట్టు.

నాన్న ఇంకోసారి మీటమన్నాడు. బాక్సు నాబ్‌లు అటూ ఇటూ తిప్పమన్నాడు. చివరికి, ‘‘వీణ చెక్క పెట్టాం కదరా, వీణలా ఎందుకు పలకదు?’’ అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఆయన లేచి, బాక్సు వైరు తీసేసి, గిటారు ఒళ్లో పెట్టుకుని, దాని కొమ్ము మీద చెవి ఆన్చి ఒక్క తీగ మీటాడు. మొహం విప్పారింది. ‘‘ఇదుగో, ఇక్కడుంది’’ అన్నాడు. నేనూ చెవి ఆన్చి విన్నాను. నిజమే. చెక్కలోపల తీగ నిండుగా, చాలాసేపు మోగుతోంది. బాక్సులోకి మాత్రం రావడం లేదు.

ఎందుకు రాలేదో తర్వాత పుస్తకాలు చదివీ, రేడియో మెకానిక్కుల్ని అడిగీ తెలుసుకున్నాను. వీణలో తీగ కదిలితే ఆ కదలిక గుర్రం ద్వారా పైపలకకు, కుండకు పాకుతుంది. లోపలి గాలి మోగుతుంది. మనం వినేది ఆ చెక్కనీ ఆ గాలినీ. ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద పికప్ అని ఉంటుంది. అంటే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ కొన్ని వేల చుట్లు. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం చెదురుతుంది, రాగి చుట్టలో పిసరంత కరెంటు పుడుతుంది. బాక్సు ఆ కరెంటునే పెద్దది చేసి వినిపిస్తుంది. అందుకే దాని మీద ఇత్తడి తీగ వేస్తే పికప్ పలకదు. దానికి ఇనుము జాతే వినిపిస్తుంది. ఇక చెక్క సంగతి దానికేం తెలుస్తుంది? చెక్కకు అసలు పాత్రే లేదని నేననను. తీగ ఊపును ఒంట్లో ఎంత దాచుకుంటుంది, ఎంత పోగొట్టుకుంటుంది అన్నది దాని చేతిలో ఉంటుంది. కానీ పికప్ మారితే వచ్చే తేడా ముందు అది వెన్నెల్లో దీపం.

అసలీ గట్టిచెక్క గిటారు పుట్టిందే చెక్క నోరు మూయించడానికి. బోలు గిటారుకు పికప్ పెట్టి సౌండు పెంచితే, బాక్సులో వచ్చిన శబ్దం తిరిగి గిటారు పొట్టలో దూరి ఊళ పెడుతుంది. అమెరికాలో లెస్ పాల్ అనే గిటారు విద్వాంసుడు 1940 ప్రాంతంలో ఓ దూలం ముక్కకు తీగలూ పికప్పూ బిగించి వాయించాడు. దాని పేరే ‘లాగ్’, దుంగ. బాగానే పలికింది కానీ జనం మొహం చిట్లించారట. ఆయన ఓ మామూలు గిటారును నిలువునా కోసి ఆ రెండు సగాలూ దుంగకు అటూ ఇటూ రెక్కల్లా తగిలించాడు. శబ్దంలో ఆ రెక్కలకు పెద్దగా పని లేదు. అయినా ఈసారి జనానికి నచ్చింది. ఆయనే ఈ కథ చెప్పుకుని నవ్వేవాడు. నాకైతే ఎలక్ట్రిక్ గిటారు వ్యాపారం మొత్తం ఆ రెండు రెక్కల మీదే ఎగురుతోందనిపిస్తుంది.

ఇంకో తమాషా. ఇవాళ పవిత్రంగా చెప్పుకునే చెక్కల్లో కొన్ని మొదట్లో చవక కాబట్టే వచ్చాయి. 1950లో గట్టిచెక్క గిటార్లను పెద్ద ఎత్తున అమ్మకానికి తెచ్చిన లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి. ఆయనకు గిటారు వాయించడం రాదు. మొదట్లో ఆష్ చెక్క వాడాడు. 1956 నుంచి చాలావాటికి ఆల్డర్‌కు మారాడు. అది తేలిగ్గా దొరుకుతుంది, రంగు బాగా పడుతుంది. మెడను నాలుగు స్క్రూలతో బిగించడం ఆయన పద్ధతే. పాడైతే విప్పి మార్చుకోవచ్చని. ఆ పద్ధతి లేకపోతే నాన్న నా గిటారుకు ఒళ్లు మార్చగలిగేవాడే కాదు. గిబ్సన్ కంపెనీ మాత్రం మహాగనీ మీద మేపుల్ పలక అతికించి 1952 నుంచి ‘లెస్ పాల్’ పేరుతోనే గిటార్లు చేసింది. 1958 నుంచి 1960 దాకా ఎరుపూ పసుపూ కలగలిసిన రంగుతో వచ్చిన వాటి ధర అప్పట్లో 250 డాలర్ల ప్రాంతం. సరిగ్గా అమ్ముడుపోక ఆపేశారు. ఇప్పుడవే లక్షల డాలర్లు పలుకుతున్నాయి. చెక్క అదే, పికప్ అదే. మధ్యలో మారిందల్లా వాటిని వాయించిన మహానుభావుల పేర్లు.

‘చెక్కను బట్టి ధర, ధరను బట్టి గొప్ప’ అనేది మనకు మాత్రమే ఉన్న జబ్బు కాదు. శేషాచలం కొండల ఎర్రచందనానికి జపాన్‌లో గిరాకీ ఉండటానికి ఒక కారణం షామిసెన్ అనే వాళ్ల మూడు తీగల వాయిద్యం. ఖరీదైన షామిసెన్ల కాడకు ఎర్రచందనం వాడతారు. మన మన్యంలో జిట్టేగి అనే రోజ్‌వుడ్ గిటారు వెనక పలకలకూ, మెడ మీద మెట్లు కొట్టే పట్టీలకూ ప్రపంచమంతా పోతుంది. ఆ జాతి చెట్లు తగ్గిపోతున్నాయని 2017 జనవరి నుంచి ఆ రకం కలపల రవాణా మీద అంతర్జాతీయంగా గట్టి ఆంక్షలు పెట్టారు. గిటార్ల వాళ్లు గగ్గోలు పెడితే 2019 చివర్లో తయారైన వాయిద్యాలకు సడలింపు ఇచ్చారు. అంత గిరాకీ ఉన్న రోజ్‌వుడ్‌కు బదులు వేరే చెక్క వేస్తే చెవికి తెలుస్తుందా? ఇంగ్లండ్‌లోని లాంకస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ ప్రశ్న వేసి చూశారు. ఎలక్ట్రిక్ కాదు, మామూలు గిటార్లే, ఆరు చేయించారు. అన్నీ ఒకేలాంటివి, వెనకా పక్కలా వేసిన చెక్క మాత్రం వేరు. మన రోజ్‌వుడ్, అంతకన్నా ఎంతో ఖరీదైన బ్రెజిల్ రోజ్‌వుడ్, మహాగనీ, మేపుల్ వగైరా. యాభై ఇద్దరు గిటారిస్టులకు వెల్డింగ్ వాళ్ల కళ్లద్దాల్లాంటివి పెట్టి ఇచ్చారు, చెక్క కనబడకుండా. 2018లో ఫలితాలు వచ్చాయి. చెక్కలను బట్టి మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. బోలు గిటారుకే ఇలా ఉంటే గట్టిచెక్క దానికి ఏం చెబుతాం?

ఇదంతా మా అమ్మాయికి ఫోన్లో చెబితే, ‘‘నాన్నా, నువ్వు పేపర్ చదివినట్టు చెబుతున్నావు. ఎదురుగా విని చెప్పు’’ అంది. న్యాయమే. ఆ దసరా సెలవులకు స్నేహితురాల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్ల దగ్గర లక్షన్నర పెట్టి కొన్న మహాగనీ గిటారు ఉంది. మా వీధిలో చర్చిలో వాయించే కుర్రాడి దగ్గర పదివేల గిటారు ఉంది. మూడోది మన పనస. హాల్లో దండెం కట్టి దుప్పటి వేలాడదీశాం. ఒకే బాక్సు, ఒకే రాగం. అమ్మాయి దుప్పటి వెనక కూర్చుని మార్చి మార్చి వాయించింది. ఇటు పక్క నేను, మా ఆవిడ, మా అమ్మ, చర్చి కుర్రాడు కాగితాల మీద రాసుకున్నాం.

పనస గిటారును అందరం పట్టేశాం. దాని ముక్కు గొంతు ఎక్కడికి పోతుంది? కానీ పదివేలదీ లక్షన్నరదీ ఎవరికీ నిలకడగా చిక్కలేదు. చర్చి కుర్రాడు తన గిటారునే రెండుసార్లు మహాగనీ అని రాశాడు. అందరికన్నా ఎక్కువ కరెక్టుగా చెప్పింది చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్న మా ఆవిడ. ఎలా అంటే, ‘‘ఏమో, చివర్లో కాస్త గుయ్‌మంటోంది చవకది’’ అంది. చవకదాని లోపల రేకు తొడుగు సరిగా లేక వచ్చే గుయ్ అది. చెక్కతో సంబంధం లేదు. దుప్పటి తీసేశాక అసలు వింత. మహాగనీ గిటారు కళ్లెదుట కనిపిస్తూ మోగితే, ఇందాక తేడా చెప్పలేని నేనే ‘ఎంత గంభీరంగా ఉంది!’ అనుకున్నాను. ఆ లెస్ పాల్ రెక్కలు మా హాల్లో కూడా ఎగిరాయి.

అయితే దుప్పటి వెనకున్న మనిషికి మాత్రం ఒక్కసారి కూడా తికమక లేదు. ‘‘కళ్లు మూసుకున్నా చెప్పేస్తాను నాన్నా’’ అని అమ్మాయి తన ఎడంచేతి వేళ్లు చూపించింది. చవక గిటారు మెట్ల అంచులు అరగదీయక గీరుకుంటున్నాయి. రెండు పాటలకోసారి శృతి జారుతోంది. ఖరీదైనదాని మెడ మీద చెయ్యి నీళ్లమీద పడవలా పోతోంది. శృతి పెట్టే మరలు, వీణకు బిరడాలంటాం చూడండి, అవి ఎక్కడ ఆపితే అక్కడే నిలబడుతున్నాయి. ఇదీ నేను ఒప్పుకునే ధర. ఎవరో ఒక పనివాడు ఒక్కో మెట్టునూ సమంగా రాసి, అంచు గుండ్రం చేసి, మెడ వంపు చూసి, తీగ దిగే గాడి సరిచేసి ఇచ్చాడు. అంత పనికి అంత కూలి ఇవ్వాలి. వడ్రంగి కొడుకుగా దానికి బేరమాడలేను. పదివేల నుంచి ముప్ఫై, నలభై వేల దాకా పెరిగే ధరలో ఎక్కువ భాగం ఇలా చేతికి తెలిసేదే అని నా అంచనా. ఆ పైన ఎక్కేకొద్దీ చేతికి తెలిసేది తగ్గుతూ, కంటికి తెలిసేది పెరుగుతూ పోతుంది. లక్ష దాటాక కొనేది చాలావరకు పేరు, పుట్టిన ఊరు, చెక్క మీద గీతల అందం. కొనకూడదని కాదు. చీరకు జరీ ఎంత వేయించుకోవాలో కట్టుకునేవాళ్ల ఇష్టం.

ఆ సెలవుల చివర్లో అమ్మాయే ఓ మాటంది. ‘‘తాతయ్య గిటారుకు పికప్పులు మారిస్తే?’’

తనతో పాటు హైదరాబాద్ తీసుకెళ్లింది. అక్కడ గిటార్లు బాగుచేసే ఒకాయన మంచి పికప్పులు రెండు వేసి, పాత మెడకు మెట్లన్నీ మార్చి, కొత్త మరలు బిగించి, లోపల రాగి రేకు తొడిగాడు. మొత్తం పద్నాలుగు వేలు. ఒకటిన్నర వెయ్యి కాయలు. బాడీ విప్పినప్పుడు లోపలి కాలవల్లో నాన్న ఉలి గాట్లూ, పెన్సిల్‌తో వేసిన తేదీ కనిపించాయట. ఫోటో తీసి పంపింది. ఆయన 2011లో పోయారు. ఆయన చేతిరాత మా ఇంట్లో ఇంకెక్కడా లేదు, ఆస్తి కాగితాల మీద సంతకం తప్ప.

సంక్రాంతికి ఇంటికొచ్చి బాక్సుకు తగిలించింది. ఆ గొంతు వింటే నమ్మలేకపోయాం. లోతుగా, నిండుగా, ఎక్కడా ముక్కు లేదు. 1999లో చెక్క మారినా గొంతు మారలేదు. ఇప్పుడు చెక్క ఒక్క పిసరు మారలేదు, గొంతు మొత్తం మారిపోయింది. దుప్పటి మళ్లీ కట్టాం. ఈసారి పనసను ఎవరూ పట్టలేకపోయారు. మా ఆవిడ కూడా.

నాన్న ఉండుంటే ‘మరి నా పనస ఏం చేసినట్టు’ అని అడిగేవాడే. ఆ ప్రశ్నకు ఇప్పుడు జవాబుంది. పాతికేళ్ల వానలకూ ఉప్పుగాలికీ ఆ నాలుగు స్క్రూలు ఒక్క వెంట్రుకంత కదల్లేదు. మేకులు తుప్పుపట్టే ఊళ్లో అది చిన్న విషయం కాదు. ఇంకోటి మా అమ్మాయి చెప్పింది. హాస్టల్లో రాత్రిళ్లు పక్కవాళ్లకు ఇబ్బంది కాకుండా బాక్సుకు తగిలించకుండానే సాధన చేస్తుందట. అప్పుడు గిటారు పొట్టకు ఆని ఉంటుంది కదా, తీగ మీటితే పక్కటెముకల్లో తెలుస్తుందట. మహాగనీది కూడా అలా తెలుస్తుందేమో. కానీ దానికి తాతయ్య గడ్డం ఆనిన చోటు ఉండదు. ‘‘బరువు మాత్రం చంపేస్తోంది నాన్నా’’ అని కూడా అంది. వెడల్పు పట్టీ కొనిచ్చాను.

మహాగనీ ఆశ పోయిందా అంటే పోలేదు. ఆ ఫోటో తన ఫోన్లో ఇంకా ఉంది. బ్యాండులో తోటిపిల్లలు గిటారు తల మీద పేరు కోసం చూస్తారట, అక్కడ ఉత్త చెక్క కనబడితే ‘ఇదేం కంపెనీ’ అంటారట. ఇరవయ్యేళ్ల పిల్లకు ఆ మాట చిన్నది కాదు. ఉద్యోగం వచ్చాక సగం డబ్బులు తను వేసుకుంటే సగం కాయలు నేను వేస్తానని మాటిచ్చాను. శబ్దంలో తేడా లేదని తెలిసీ ఎందుకిస్తున్నావంటే, ఇష్టమైన వాయిద్యాన్ని మనిషి రోజూ చేతిలోకి తీసుకుంటాడు. ఆ ఇష్టం చెక్క నుంచి వచ్చిందా, ధర నుంచి వచ్చిందా, తాతయ్య నుంచి వచ్చిందా అని వేళ్లు అడగవు.

పనస పలకల్లో ఇంకొకటి మా అటక మీద ఉంది. మొన్న రాజోలు నుంచి ఓ కుర్రాడు వచ్చాడు. చర్చిలో బేస్ గిటారు వాయిస్తాడట, వానకు బాడీ విచ్చుకుందట, మా చర్చి కుర్రాడు ఈ సంగతి చెప్పాట్ట. వాళ్ల మేనమామ వడ్రంగేనంది. ‘‘పలక అమ్ముతారాండి?’’ అన్నాడు. ఇద్దరం కలిసి దింపి దుమ్ము తుడిచాం. పసుపు ఎప్పుడో పోయింది, బెల్లం రంగు తేలింది. పద్నాలుగు అంగుళాల వెడల్పుంది కానీ ఓ పక్కగా ముడి పడింది. దాన్ని తప్పించి గీసుకుంటే బాడీ సరిపోతుంది. కుర్రాడు వేలి కణుపుతో కొట్టి విన్నాడు. నేనేమీ చెప్పలేదు. పికప్పులు మాత్రం మంచివి చూసుకోమని, పాతవి ఎలా ఉన్నాయో ముందు బాక్సుకు పెట్టి వినమని చెప్పి, పలక సైకిల్ వెనక కట్టించి పంపాను. ధర సంగతి పని అయ్యాక చూద్దామన్నాను.